ఇతరములు 32 రూపాయలు

మా నాన్నకి లెక్క కావాలి. డబ్బు పంపడానికి ఎప్పుడూ వెనకాడలేదు, అప్పో సప్పో చేసైనా పంపేవాడు. కానీ నెల తిరిగేసరికి అది ఎక్కడ ఖర్చయిందో కాగితం మీద కనబడాలి. 1993లో నేను విశాఖపట్నం వెళ్ళి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరినప్పుడు ఆయన పెట్టిన షరతు అదొక్కటే. ఒకటో తారీకు దాటగానే ఖర్చుల జాబితా రాసి పోస్టు చెయ్యాలి. అదీ కార్డు మీదే. పోస్టు కార్డు అప్పట్లో 15 పైసలు, ఇన్‌లాండ్ లెటరు 75 పైసలు. పొదుపు లెక్కలు రాయడానికి 75 పైసలు తగలేస్తే ఇంకేం పొదుపని నాన్న వాదన.

ఇబ్బందల్లా ఆ కార్డుకి మూత లేకపోవడమే. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం, పలాసకి దగ్గర్లో ఒక పల్లె. ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. మా పోస్టుమాన్ ఊళ్ళోకి వచ్చేలోపే దారిలో కార్డులన్నీ చదివేసేవాడు. నాన్న కళ్ళజోడు వెతుక్కోవడానికి లోపలికి వెళ్తే, ఆయన వచ్చేదాకా ఆగలేక అరుగు మీద కూచుని గట్టిగా చదవడం మొదలెట్టేవాడు. మెస్సుకి ఇంత, సబ్బులకి ఇంత, కాగితాలకి ఇంత. ఆ టైములో అరుగు మీద ఎవరుంటే వాళ్ళంతా నా ఆడిటర్లు. ఒక నెల "తలనూనె 9 రూపాయలు" అని రాశాను. సెలవులకి ఊరెళ్తే, వరసకి మావయ్య అయ్యే ఒకాయన చెరువు గట్టు మీద ఆపేసి, "ఊరంతా కొబ్బరి చెట్లెట్టుకోని నూనె కొంటన్నావేటిరా?" అని నిలదీశాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. అప్పట్నుంచి నూనె ఇంటి దగ్గర్నుంచే సీసాలో వెళ్ళింది. చలికాలం పొద్దున్న అది గడ్డకట్టి కూచునేది. సీసాని కిటికీలో ఎండకి పెట్టి స్నానానికి వెళ్ళేవాణ్ణి.

ఈ బహిరంగ విచారణ పడలేక, ఊళ్ళో చెప్పుకోలేని ఖర్చులన్నిటికీ ఒక పద్దు తెరిచాను. ఇతరములు. సినిమా, టీ, బీచిలో మరమరాలు కలిపి ఇచ్చే మురీ మిక్చరు, వారపత్రిక, రూమ్మేటు పుట్టినరోజుకి వేసిన చందా, అన్నీ అందులోనే. మొదటి నెల కార్డులో ఆఖరి లైను: ఇతరములు 32 రూపాయలు.

నాన్న జవాబు మనియార్డరు మీద వచ్చేది. మనియార్డరు ఫారం అడుగున కూపన్ ఉండేది గుర్తుందా? డబ్బు పంపేవాళ్ళు నాలుగు ముక్కలు రాసుకోవడానికి అందులో కాస్త జాగా ఇచ్చేవాళ్ళు. దానికి వేరే చార్జీ లేదు కాబట్టి నాన్న రాసిన ఉత్తరాలన్నీ ఆ జాగాలోనే రాశాడు. పోస్టుమాన్ డబ్బు లెక్కపెట్టి ఇచ్చి, కూపన్ చింపి చేతిలో పెట్టేవాడు. "ఇతరములు ఏటి? వివరం రాయి. అమ్మ బాగుంది. వాన లేదు." ఆ నెలకి అదే ఉత్తరం.

నాన్న పంపేది 600. నూటికి ఐదు చొప్పున 30 రూపాయలు పోస్టాఫీసుకి కమీషన్ కట్టేవాడు. అది ఆయనకి గుచ్చుకునేది. నేనూ ఎకనామిక్స్ చదువుతున్నవాణ్ణే కదా, ఒక లెక్క వేసి చూపించాను. పలాస పాసింజర్‌కి రానూపోనూ టికెట్టు ఆ కమీషన్ కన్నా కాస్త ఎక్కువవుతుంది, నిజమే. కానీ నేనే వచ్చి డబ్బు తీసుకెళ్తే కమీషన్ మిగులుతుంది, నేను ఊళ్ళో ఉన్న రోజులకి మెస్సు బిల్లు మిగులుతుంది, తిరిగి వెళ్ళేటప్పుడు ఆవకాయ, కొబ్బరిపొడి, చోడిపిండి, ఎండు నెత్తళ్ళు, పోకుండలు చేతికొస్తాయి. అంటే ఇంటికి రావడం ఖర్చు కాదు, మిగులు. నాన్న కాసేపు ఆలోచించి, "నీకు ఇంటికి రావాలనుంటే రా. లెక్కలు సెప్పకు" అన్నాడు.

ఆ పాసింజర్ గురించి ఒక్క మాట చెప్పుకోవాలి. ఎక్స్‌ప్రెస్సులో వెళ్తే పూట కూడా పట్టదు. పాసింజర్‌కి తొందర లేదు. పెందుర్తి, కొత్తవలస, కంటకాపల్లి, అలమండ, కోరుకొండ, విజయనగరం, నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి, సిగడాం, పొందూరు, దూసి, శ్రీకాకుళం రోడ్డు, ఉర్లాం, తిలారు, కోటబొమ్మాళి, నౌపడ, పూండి, పలాస. ప్రతి చోటా ఆగి, వెనకనించి వచ్చే మెయిళ్ళకీ ఎక్స్‌ప్రెస్సులకీ దారిచ్చి, మళ్ళీ కదిలేది. నౌపడలో పక్కన గుణుపురం వెళ్ళే చిన్న రైలు కనబడితే మా బండి దాని ముందు రాజధాని ఎక్స్‌ప్రెస్సే అనిపించేది. టికెట్టు తక్కువకి అమ్మి ఆ తేడాని మా టైము రూపంలో వసూలు చేసుకునేవాళ్ళన్నమాట. టైముకి అప్పుడు మేము ధర కట్టలేదు. ఆ బండిలోనే సగం సిలబస్ చదివాను, మిగతా సగం నిద్రపోయాను.

ఇక మెస్సు. నా 600లో మూడింట రెండొంతులు మింగేది అదే.

మాది డివైడింగ్ మెస్. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. బియ్యం, పప్పు, నూనె, కూరలు, గ్యాసు అన్నిటికీ నెలంతా అయిన ఖర్చుని, అందరూ కలిసి తిన్న మొత్తం రోజులతో భాగిస్తారు. రోజుకి ఇంతని తేలుతుంది. ఎవడు ఎన్ని రోజులు తింటే అంత కట్టాలి. ఊరెళ్ళేవాడు ముందే రిజిస్టర్లో రాసి మెస్ కట్ పెట్టుకోవాలి. మా హాస్టల్లో వరసగా మూడు రోజులకి తక్కువైతే కట్ ఇచ్చేవాళ్ళు కాదు. అందుకని మా ప్రయాణాలు పండగల్ని బట్టి కాక మెస్ కట్‌ని బట్టి జరిగేవి. శని ఆదివారాలకి ఒక సోమవారాన్ని ఎలాగోలా కలిపేవాళ్ళం. సోమవారం క్లాసులు ఎందుకు పల్చగా ఉంటాయో మా లెక్చరర్లకి తెలుసో లేదో గాని, మెస్సు రిజిస్టరుకి తెలుసు.

ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఒక్కడు పొదుపు చెయ్యలేడు. నేను పట్టుదలగా గుడ్డు మానేశాననుకోండి, మిగిలిన డబ్బు హాస్టల్ మొత్తానికీ పంచబడుతుంది, నా వాటాకి పైసలు కూడా రావు. పక్కవాడు రెండు గుడ్లు లాగించాడనుకోండి, దానికీ అందరం కడతాం. కాబట్టి తెలివైనవాడు ఎవడైనా ఎక్కువే తింటాడు. అందరూ తెలివైనవాళ్ళే కాబట్టి నెలాఖరుకి బిల్లు చూసి అందరూ గుండెలు బాదుకుంటారు. దీని మీద క్లాసులో ఒక పాఠం ఉంది. మేము దాన్ని క్లాసులో కన్నా ముందు భోజనాల బల్ల దగ్గర చదువుకున్నాం.

మెస్ సెక్రటరీలు విద్యార్థులే. నెలకిద్దరు చొప్పున వంతులవారీగా చెయ్యాలి. నా వంతు వర్షాకాలంలో వచ్చింది. తెల్లవారకముందే వంటమాస్టారుతో కలిసి పూర్ణా మార్కెట్‌కి వెళ్ళేవాణ్ణి. రైతుబజార్లు అప్పటికి లేవు, అవి 1999లో గాని రాలేదు. టోకున కొనాలంటే పూర్ణా మార్కెట్టే. గోనె సంచులు, బురద, అరుపులు, తలమీద బుట్టలతో తోసుకుపోయే కూలీలు. మా వంటమాస్టారు బేరం ఆడేవాడు కాదు. వంకాయని చేతిలోకి తీసుకుని, ఏమీ అనకుండా మళ్ళీ బుట్టలో పడేసి, నాలుగడుగులు నడిచేవాడు. వెనకనించి కేక వినబడేది, రేటు తగ్గేది. ఆ విద్య నాకు ఈ రోజుకీ పట్టుబడలేదు. నేను నడిస్తే ఎవరూ పిలవరు.

బిల్లు తగ్గించడానికి మేం చేసిన మొదటి పని కూర గరిట మార్చడం. పాత గరిట పెద్దది. దాని స్థానంలో చిన్నది పెట్టాం, ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం భోజనం పూర్తి కాకముందే కనిపెట్టేశారు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద నా పేరు పక్కన "పొట్టి గరిట" అని బిరుదు వెలిసింది. రాత్రి జనరల్ బాడీ మీటింగు. ఆదివారం కోడికూర నెలకి రెండుసార్లకి తగ్గించాలని నా ప్రతిపాదన. దానికి వచ్చిన వ్యతిరేకతని నేను తర్వాత ఏ రాజకీయ సభలోనూ చూడలేదు. "మా ఊళ్ళో వారానికోసారి తింటాం, యూనివర్సిటీకి వచ్చింది అంతకన్నా తక్కువ తినడానికా?" అని ఒక సీనియర్ లేచి అడిగాడు. చప్పట్లు. ఎవరి దగ్గరా జవాబు లేదు. కోడి నిలబడింది.

చివరికి పనికొచ్చింది ఒక నల్లబల్ల. వంటమాస్టారు సలహా అది. పూటపూటకీ కంచాల్లో వదిలేసిన అన్నాన్ని తూచి, ఆ బరువు చేతులు కడుక్కునే చోట బల్ల మీద సుద్దతో రాయించాం. ఎవరినీ తిట్టలేదు, ఎవరి పేరూ రాయలేదు, కిలోలు మాత్రమే. మొదటి రోజు అంకె చూసి పల్లెల నుంచి వచ్చిన మా వాళ్ళకి తల కొట్టేసినట్టయింది. ఇంటి దగ్గర మెతుకు కింద పడితే ఊరుకోని తల్లుల పిల్లలం. వారం తిరక్కుండా ఆ అంకె సగానికి సగం పడిపోయింది. నెలాఖరు బిల్లు కూడా కొంచెం తగ్గింది. పొట్టి గరిట అన్న పేరు మాత్రం కోర్సు అయ్యేదాకా పోలేదు.

మా గదిలో ముగ్గురం. హాస్టల్లో ఇంటిపేర్లూ ఒంటిపేర్లూ ఎవరికీ గుర్తుండవు, ఊరి పేరే పేరు. ఒకడు చోడవరం, ఒకడు పార్వతీపురం, నేను పలాస. చోడవరం వాళ్ళది చెరకు. ఫ్యాక్టరీ వాళ్ళు చెరకు బిల్లు ఇచ్చినప్పుడే వాడి చేతిలో డబ్బు, అది ఎప్పుడిస్తారో వాళ్ళ నాన్నకే తెలీదు. వచ్చినప్పుడు మాత్రం ఏకమొత్తంగా వచ్చేది. పార్వతీపురం స్కాలర్‌షిప్ మీద చదువుకుంటున్నాడు. అది విద్యాసంవత్సరం చివర్లో ఎప్పుడో ఊడిపడేది. నాది నెలనెలా మనియార్డరు. ముగ్గురి దగ్గరా ఒకేసారి డబ్బు ఉండేది కాదు, ముగ్గురికీ ఒకేసారి లేకుండానూ పోలేదు. అందుకని గదికంతటికీ ఒక్కటే నోట్ పుస్తకం. ఉన్నవాడు పెట్టడం, రాసుకోవడం. సబ్బు, టూత్‌పేస్టు, తాళం, ఇస్త్రీ పెట్టె, అలారం గడియారం, అన్నీ జాయింటే. బట్టలకి ఒక 501 సబ్బు బారు కొని దారంతో మూడు ముక్కలు కోసేవాళ్ళం. జిరాక్సులు ఒకరు తీయిస్తే ముగ్గురం చదవడం. అది కూడా మరీ తప్పనప్పుడే. మామూలుగా వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో కూచుని చేత్తో ఎక్కించుకోవడమే. చేత్తో రాసిన పాఠం మళ్ళీ చదవక్కర్లేదని చోడవరం అనేవాడు గాని, వాడి దస్తూరీ మళ్ళీ చదవడం వాడి వల్లే అయ్యేది కాదు.

చోడవరం మా ఆర్థిక మంత్రి. ఏ ఖర్చు పెట్టాలన్నా వాడి ముందు వాదించి గెలవాలి. బస్సెక్కుదామంటే "కాళ్ళు అరిగిపోతాయా?" అనేవాడు. పెదవాల్తేరు నుంచి బీచికి దిగడం సుఖమే, తిరిగి ఎత్తు ఎక్కి రావడమే కష్టం. ఆర్కే బీచికి వెళ్ళడానికి మాకు పైసా అయ్యేది కాదు. కురుసుర సబ్‌మెరైన్ ఇంకా ఒడ్డుకి రాలేదు, మ్యూజియంగా అది తెరుచుకుంది 2002లో. ఒడ్డున మేం చూసేది సముద్రమే, దానికి టికెట్టు లేదు. ఉన్న ఒక్క ప్రలోభం మురీ మిక్చరు. ముగ్గురికీ ఒక పొట్లం కొనాలా రెండు కొనాలా అని ఇసకలో కూచుని చర్చించిన సాయంత్రాలున్నాయి.

సినిమా దగ్గర మాత్రం చోడవరం ఒక అద్భుతమైన ఉపాయం కనిపెట్టాడు. అందరం వెళ్ళొద్దు, ఒకణ్ణి పంపుదాం అన్నాడు. పార్వతీపురానికి కథ చెప్పే కళ ఉంది. వాళ్ళ తాత బుర్రకథలు చెప్పేవాడట. ముగ్గురం తలా కొంత వేసి వాడికి ఒక్క టికెట్టు కొని జగదాంబకో లీలామహల్‌కో పంపేవాళ్ళం. వాడు సెకండ్ షో చూసి అర్ధరాత్రి నడిచొచ్చేవాడు. మరుసటి రాత్రి భోజనాలయ్యాక కథ. పాటలు పాడి, ఫైట్లు చేసి, విలన్ నవ్వు నవ్వి, ఇంటర్వెల్ ఇచ్చి మరీ చెప్పేవాడు. మొదట్లో మేమిద్దరమే శ్రోతలం. తర్వాత పక్క గదుల వాళ్ళు మంచాల మీదా కిటికీల్లోనూ చేరారు. చోడవరం ఊరుకుంటాడా, బయటివాళ్ళ దగ్గర తలా పావలా వసూలు మొదలెట్టాడు. ఆ చందాతో తర్వాతి సినిమా టికెట్టు వచ్చేసేది. అలా మా గదికి సినిమా ఖర్చు సున్నా అయింది. ఆ కథల్లో కొన్ని తర్వాత టీవీలో చూశాను. పార్వతీపురం చెప్పినంత బాగా ఏదీ లేదు. కొన్నిటికి వాడు క్లైమాక్స్ మార్చేశాడని అప్పుడు తెలిసింది. మార్చినదే మేలు.

తగ్గించలేకపోయింది టీ. చోడవరం చాలాసార్లు ప్రయత్నించాడు. రోజుకి తలా రెండు టీలు, ముగ్గురికి నెలకి ఎంతో గోడ మీద పెన్సిల్‌తో గుణించి చూపించాడు. సరే మానేద్దాం అనుకున్నాం. కొన్నాళ్ళు నిజంగానే మానేశాం. అప్పుడు అర్థమైంది, మాకు కబురన్నది చేరేదే యూనివర్సిటీ ఔట్‌గేటు దగ్గరి టీ బడ్డీ ద్వారా అని. ఏ బ్యాంకు పరీక్ష నోటిఫికేషన్ పడిందో, ఏ సీనియర్ తన నోట్సు ఇచ్చేస్తున్నాడో, ఏ లెక్చరర్ ఏ ప్రశ్న ఇవ్వబోతున్నాడో, అన్నీ అక్కడే తెలిసేవి. మేం టీ మానేసిన ఆ కొద్ది రోజుల్లోనే ఒక పరీక్షకి అప్లికేషన్ గడువు దాటిపోయింది. చోడవరం కూడా అప్లై చెయ్యాలనుకున్న పరీక్షే. మర్నాడు పొద్దున్నే అందరికన్నా ముందు వాడే బడ్డీ దగ్గర ఉన్నాడు. మానలేం గాని తగ్గించుకుందామని రాజీకి వచ్చాం. రెండు టీలు మూడు గ్లాసుల్లో. బడ్డీ ఆయన మమ్మల్ని చూడగానే అడక్కుండా మూడో గ్లాసు పెట్టేవాడు. నన్నడిగితే ఆ మూడు గ్లాసుల్లో కలిపి రెండున్నర టీలే ఉండేవి.

ఫోను విషయంలో మాత్రం చోడవరం ఎప్పుడూ నోరెత్తలేదు. పార్వతీపురం వాళ్ళమ్మకి ఒంట్లో బాగుండేది కాదు. వాళ్ళింట్లో ఫోన్ లేదు, నాలుగిళ్ళ అవతల ఒక షావుకారు గారింట్లో ఉండేది. అలాంటి నంబర్ని పీపీ నంబర్ అనేవాళ్ళం. ఎస్టీడీ, అంటే పై ఊళ్ళకి చేసే ఫోన్ల రేట్లు ఎలా ఉండేవంటే, సాయంత్రం ఏడు దాటితే సగం, రాత్రి పదకొండు దాటితే పావు. పదకొండు కొట్టేసరికి ఎస్టీడీ బూత్‌ల ముందు క్యూలు, అందరి కళ్ళూ ఆ ఎర్ర అంకెల మీటరు మీదే. ఇంట్లో ఫోన్ ఉన్నవాళ్ళ పిల్లలకి ఆ పావు రేటు దక్కేది. పార్వతీపురానికి దక్కేది కాదు. పదకొండింటికి షావుకారు గారిని లేపి మా అమ్మని పిలవండి అని ఎవరడుగుతారు? అందుకని వాడు ఏడున్నరకే చెయ్యాలి. అదీ రెండుసార్లు. మొదటిసారి "అమ్మని పిలిచి ఉంచండి" అని చెప్పడానికి, పావుగంట ఆగి రెండోసారి అమ్మతో మాట్లాడడానికి. ఫోన్ లేనివాళ్ళకి ఫోన్ రెట్టింపు ఖరీదు. ఆ డబ్బులు గది పుస్తకంలో ఎప్పుడూ వాడి పేరున పడలేదు. చోడవరమే ముగ్గురికీ సమానంగా పంచి రాసేవాడు. పార్వతీపురం ఏదో అనబోతే "వడ్డీతో వసూలు చేస్తాలే" అని కసిరేవాడు.

రెండో ఏడాదిలో మా మాస్టారొకాయన ఏంగెల్ సూత్రం చెప్పారు. కమ్యూనిస్టు ఏంగెల్స్ కాదు, ఈయన ఎర్న్‌స్ట్ ఏంగెల్, 1857లో కుటుంబాల ఖర్చులు లెక్కగట్టి, ఆదాయం పెరిగేకొద్దీ అందులో తిండికయ్యే వంతు తగ్గుతుందని చెప్పిన జర్మన్. మాస్టారు పాఠంతో ఆగకుండా ఎవరి ఖర్చుల్లో తిండి వంతెంతో లెక్కేసి రేపు తీసుకురమ్మన్నారు. నా దగ్గర పుస్తకం ఉంది కాబట్టి తేలిగ్గా తేలింది. మర్నాడు బోర్డు మీద అందరి అంకెలూ రాస్తే, ఎవరింట్లో ఎంతుందో ఎవరూ చెప్పకుండానే కనబడిపోయింది. నగరం నుంచి స్కూటర్ మీద వచ్చే ఒకబ్బాయి అంకె అందరికన్నా చిన్నది. అతను సిగ్గుపడ్డాడు. నిజానికి సిగ్గుపడాల్సింది ఏముంది, కానీ ఆ క్లాసులో తక్కువ అంకె వచ్చినవాడే తప్పు చేసినవాడిలా కూచున్నాడు. మాస్టారు గబగబా బోర్డు తుడిచేసి వేరే విషయంలోకి వెళ్ళిపోయారు.

ఆ ఏడాదే నాన్న కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. మా గదిలోనే దిగాడు. మెస్సులో గెస్టు కూపన్ కొంటానంటే, నా పేరు మీద కాదు తన డబ్బుతోనే కొనాలన్నాడు. అన్నం తిని, సాంబారు పలచన అని తీర్పిచ్చి, నల్లబల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇది మంచిపని" అన్నాడు. సాయంత్రం అందరం ఔట్‌గేటుకి వెళ్ళాం. అలవాటు చొప్పున బడ్డీ ఆయన టీలు తక్కువ పోసి గ్లాసులు ఎక్కువ పెట్టాడు. నాన్న ఆ గ్లాసుల వంక, మా ముగ్గురి వంక మార్చి మార్చి చూసి, "ఇదేటి, సగం గ్లాసు? నిండా పొయ్యి బాబూ, ఆళ్ళకి రెండోసి" అన్నాడు. డబ్బులు ఆయనే ఇచ్చాడు. ఇచ్చి, నావైపు తిరిగి, "ఇతరములంటే ఇదేనా?" అన్నాడు. ఇదీ, సినిమానూ అన్నాను. పార్వతీపురం కథల సంగతి చోడవరం బయటపెట్టేశాడు. ఇక ఆ రాత్రి నాన్న మంచం మీద దిండుకానుకుని కథ మొత్తం విన్నాడు. ఇంటర్వెల్లో లేచి బీడీ కాల్చుకుని వచ్చాడు. తెల్లారి రైలెక్కేటప్పుడు పార్వతీపురం చేతిలో పది రూపాయలు పెట్టి, "మళ్ళీ సినిమాకెల్లు" అన్నాడు. ఆ తర్వాత మనియార్డరు కూపన్లలో ఇతరముల గురించి ప్రశ్న రాలేదు. కానీ జాబితా రాయడం మాత్రం తప్పలేదు.

ఆ మనియార్డర్లు ఇప్పుడు లేవు, 2015లో ఆపేశారు. మా తమ్ముడి కొడుకు విశాఖలోనే బీటెక్ చదువుతున్నాడు. మొన్న సెలవులకి వచ్చినప్పుడు, "పెదనాన్నా, నువ్వు లెక్కలు రాసేవాడివట కదా, నాకు రాయక్కర్లేదు, అదే రాసుకుంటుంది" అని ఫోన్ తీసి చూపించాడు. 15, 49, 120, 20, 199, వేలితో తోస్తుంటే ఆ జాబితా కిందకి పోతూనే ఉంది. ఇందులో అనవసరం ఏవిటో చెప్పు అన్నాడు. చెబుదామని కళ్ళజోడు పెట్టుకుని కూచున్నాను. డేటా రీచార్జి మానమంటే వాడికి క్లాసు నోట్సే రాదు, అవి వాట్సాప్‌లో వస్తాయి. బైటనించి తెప్పించుకున్న బిర్యానీ దగ్గర పట్టుకుందామంటే, అది నలుగురు కలిసి తెప్పించుకుని పంచుకున్నదట, మిగతా ముగ్గురు వాడికి పంపిన వాటాలు ఆ పక్కనే ఉన్నాయి. నాకు దొరికిన ఒకే ఒక్క దండగ, వాడు ఎప్పుడో మానేసిన ఒక సినిమా యాప్‌కి నెలనెలా దానంతటదే కోసుకుపోతున్న డబ్బు. అది ఆపించాను. మా కాలంలో మానేసినవాటికి డబ్బు కట్టే సదుపాయం లేదు.

మా కోర్సు 1995లో అయిపోయింది. నో డ్యూస్ సర్టిఫికెట్ కోసం లైబ్రరీకీ మెస్సుకీ ఆఫీసుకీ తిరిగి సంతకాలు పెట్టించుకుని, కాషన్ డిపాజిట్ వెనక్కి తీసుకున్నాం. గది పుస్తకం తీసి ముగ్గురం కూచుంటే ఎవరు ఎవరికెంతివ్వాలో తేలలేదు. చోడవరం లెక్క ప్రకారం నేను వాడికి పదకొండు రూపాయలు బాకీ, నా లెక్కలో వాడే నాకు నాలుగు బాకీ. పార్వతీపురం ఆ పేజీలు చింపేసి జేబులో పెట్టుకున్నాడు. జాయింటు ఆస్తులు మాత్రం జూనియర్లకి అమ్మేశాం. గడియారం, బకెట్లు, వార్డెన్‌కి దొరక్కుండా దాచిన కాయిల్ హీటరు, అన్నీ గంటలో పోయాయి. ఇస్త్రీ పెట్టె దగ్గర రాజాం నుంచి వచ్చిన ఒకబ్బాయి గట్టిగా బేరమాడాడు. నలభై చెబితే ఇరవై ఐదుకి దించి, ఇరవై చేతిలో పెట్టి, మిగతా ఐదు మనియార్డరు రాగానే ఇస్తానన్నాడు. ఆ ఐదు ఇంకా రావాలి. అతనిప్పుడు ఒక బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్నాడని విన్నాను. మొండిబాకీల వసూలు విభాగమట.